సారు మోయించిన పాడె

మా సారు పోయారన్న మాట నేను మొదట నమ్మలేదు. కబురు తెచ్చింది మ్యూజియం చౌకీదారు. పొద్దున కర్ఫ్యూ సడలించగానే తార్నాక నుంచి సైకిలు తొక్కుకుంటూ మా హాస్టలుకు వచ్చాడు. వరండా స్తంభానికి సైకిలు ఆనించి, "సాబ్ పోయిండ్రు బాబూ" అన్నాడు. ఈ మనిషీ నేనూ కలిసి, మొన్న వేసవిలో, ఎవరూ చావని చోట పాడె కట్టినవాళ్ళం. కట్టించింది ఆ సారే. అందుకని "ఈసారి ఏం మూట కట్టాలటా?" అని నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. తల మీది టోపీ తీసి చేతిలో పట్టుకుని, నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు నమ్మాను.

సారును ఎరగని వాళ్ళ కోసం చెబుతాను. ఆయన యూనివర్సిటీలో మాకు చరిత్ర చెప్పేవారు. తార్నాకలో ఒక పెంకుటింట్లో తల్లితో ఉండేవారు. ఆవిడను ఆయన అవ్వ అనేవారు, మేమూ అవ్వ అనే పిలిచేవాళ్ళం. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "పొద్దంత యుద్ధాల గురించి చెప్పి, మళ్ల ఇంట్ల గూడ యుద్ధమెందుకయ్యా" అని మాట దాటేసేవారు. చంకలో గొడుగు, జేబులో కుట్టుమిషను నూనె డబ్బా లేకుండా ఆయనను నేను చూడలేదు. ఆ నూనె మరకలతో ఆయన చొక్కాలన్నీ పాడైపోయాయని అవ్వ రోజూ సాధించేది.

ఆ నూనె కత్తుల కోసం. పాత నగరం చుట్టూ ఒకప్పుడున్న కోటగోడ ఎక్కడికక్కడ కూలిపోగా, నది వైపు ఒక దర్వాజా మిగిలింది. ఆ దర్వాజాకు అటూ ఇటూ, పైనా, పూర్వం పహరావాళ్ళు ఉండే గదుల్లో ఒక చిన్న మ్యూజియం ఉంది. ఈ ప్రాంతంలో ఎవరెవరు ఎప్పుడెప్పుడు కొట్టుకున్నారో ఆ సామానంతా అక్కడ చేరింది. కత్తులు, జంబియాలనే అరబ్బుల వంకర బాకులు, మందు కూరి పేల్చే పాత బర్మారు తుపాకులు, బర్మాలో పోరాడి వచ్చినవాళ్ళ బూట్లు, మొన్నటి పాకిస్తాను యుద్ధంలో పోయిన ఒక జవాను తాలూకు ఇనుప టోపీ. జీతం బత్తెం లేకుండా దాని బాగోగులు చూసేది మా సారు. నేను ఆయన దగ్గర పరిశోధన చేస్తున్నాను కాబట్టి నూనె పూసే పనిలో నాకూ వంతు పడింది.

దర్వాజా పెద్ద తలుపులు ఎప్పుడూ మూసే ఉండేవి. వాటి మీద ఏనుగులు కుమ్మకుండా కొట్టిన ఇనుప మేకులు నా పిడికిలంత ఉంటాయి. ఒక తలుపులో చిన్న దిడ్డి ఉంది. ఎంత పెద్దమనిషైనా నడుము వంచి అందులోంచి దూరి రావలసిందే. ఒకసారి ఎవరో పెద్ద ఆఫీసరు వచ్చి, పెద్ద తలుపులు తీయించరాదా అని విసుక్కున్నాడు. సారు లోపలి నుంచే, "వంగి రండి సార్. గీ సామాను దగ్గరికి తలెత్తుకొని రావొద్దు" అన్నారు. ఆఫీసరు వంగాడు. టోపీ కింద పడింది కూడా.

దసరాకు ఆ కత్తులు ఇచ్చిన కుటుంబాలవాళ్ళు పసుపు కుంకుమలతో వచ్చేవారు. తడి తగిలితే తుప్పు పడుతుందని సారు కుంకుమ పెట్టనిచ్చేవారు కాదు. దాని బదులు ఒక్కొక్కరికి గుప్పెడు జమ్మి ఆకు ఇచ్చి, ఆయుధాల కింద పోయమనేవారు. ఆ ఆకు మళ్ళీ దసరా దాకా ఎండిపోయి అక్కడే ఉండేది, ఊడ్చనిచ్చేవారు కాదు. మాది కృష్ణ ఒడ్డు. మా వైపు జమ్మిచెట్టుకు చీటీలు కట్టి వస్తాం గానీ, ఇక్కడిలాగా ఆకును బంగారమని చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోవడం ఉండదు. మొదటి ఏడు నేను ఆకు పట్టుకుని తెల్లమొహం వేసుకుని నిలబడితే, సారు నన్ను దగ్గరికి లాక్కుని కావలించుకుని, "మీ దిక్కు బంగారం కట్టెపెట్టెల దాస్తరు. మా దిక్కు చెట్టుకు కాస్తది" అని ఆటపట్టించారు.

జమ్మి కథ మనకందరికీ తెలిసిందే. అజ్ఞాతవాసానికి పోతూ ఆ అన్నదమ్ములు ఆయుధాలను శవంలాగా మూటగట్టి జమ్మిచెట్టుకు వేలాడదీశారు. ఎవరైనా అడిగితే మా తల్లి శవమన్నారు. సారుకు ఆ కథంటే ఇష్టమూ, ఆ కథ మీద కోపమూ. "చెట్టెక్కిచ్చిన దాంక మంచిగనే చేసిండ్రు. ఏడాది కాంగనే ఎందుకు దించుకున్నరు? గక్కడ్నే చెడ్డది" అనేవారు. ఈ దర్వాజా తన జమ్మిచెట్టనీ, దీని మీంచి మళ్ళీ ఏదీ కిందికి దిగకూడదనీ ఆయన పట్టుదల. ప్రతి దసరాకు ఆ మాట చెప్పేవారు, మేము ప్రతి దసరాకు తల ఊపేవాళ్ళం.

తల ఊపడం వేరు, ఈ ఏడు జరిగింది వేరు. వేరే రాష్ట్రం కావాలన్న ఈ ఏడాది గొడవల సంగతి నేను చెప్పాలా? బస్సులు తగలబడ్డాయి, కాలేజీలు మూతపడ్డాయి, క్యాంపస్ గేటు దగ్గర పోలీసు లారీలు కాపురం పెట్టాయి. మా కోస్తావాళ్ళను వెళ్ళిపొమ్మని గోడల మీద రాతలు. సీతాఫల్‌మండి స్టేషనులో నా యాస విని ఒకడు నా సంచీ పట్టాల మీదికి విసిరేశాడు. ఆ సంగతి విన్న రోజు నుంచి సారు నన్ను ఒంటరిగా నడవనివ్వలేదు. గొడుగు ఊపుకుంటూ హాస్టలు దాకా వచ్చి దింపి పోయేవారు.

ఒక మధ్యాహ్నం మా కాలేజీ మెట్ల మీద విద్యార్థులు నలుగురైదుగురు సారును ఆపారు. ముందు నిలబడ్డవాడు సారు దగ్గర ఎం.ఏ. చదువుతున్న పొడుగాటి కుర్రాడు, రైతుల బిడ్డ. సారు వాణ్ణి పొడుగోడా అనే పిలిచేవారు. హాస్టలు తిండి పడక వారానికి రెండు మూడు సార్లు తార్నాక పోయి, అవ్వ చేతి జొన్నరొట్టె తిని వచ్చేవాడు. ఆ రోజు వాడు తల వంచుకునే మాట్లాడాడు.

"సార్, మన పోరగాండ్ల మీద లాఠీలు ఇరుగుతున్నయి. మా చేతుల ఏం లేదు. దర్వాజాల ఉన్నయి గద, అవి కావాలె. ఎల్లుండి వస్తం. మీరు తాళం తీసి పెట్టుండ్రి, మిమ్ముల ఎవ్వరు ఏమనరు."

"తియ్యకుంటె?"

"పలగొడ్తం సార్. ఏం అనుకోవద్దు."

"ఏం అనుకోను. రండ్రి" అన్నారు సారు.

చెప్పి మరీ దోచుకోవడానికి వచ్చే పిల్లలను ఈ క్యాంపస్‌లో తప్ప ఎక్కడా చూడం. ఆ సాయంత్రమే పోలీసుల నుంచీ మనిషి వచ్చాడు. సామానంతా ఠాణాకు చేర్పించమన్నాడు. తిరిగి ఎప్పుడిస్తారంటే, చూద్దాం అన్నాడు. ఆ మనిషి పోయాక సారు గొడుగు మీద గడ్డం ఆనించి చాలాసేపు కూర్చున్నారు. "వీళ్లకిస్తె వాళ్ల మీదికి. వాళ్లకిస్తె వీళ్ల మీదికి" అన్నారు. తరవాత లేచి, "ఏమయ్యా, నీకు పాడె కట్టుడు వస్తదా?" అని అడిగారు.

మర్నాడు కర్ఫ్యూ సడలించిన గంటల్లో పని. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే అన్నదమ్ములిద్దరు, సారు ఎరిగినవాళ్ళే, వచ్చి ఏళ్ళ తరబడి కదలని పెద్ద తలుపుల కీళ్ళు వదులు చేశారు. దిడ్డిలోంచి పాడె రాదు కదా. మేము లోపల కత్తులూ జంబియాలూ బర్మారు తుపాకులూ గడ్డి చుట్టి, చప్పుడు కాకుండా దూది కుక్కి, వెదుళ్ళ మీద పేర్చాం. తలకు బదులు జవాను ఇనుప టోపీ పెట్టాం. తెల్లగుడ్డ కప్పి, దండ వేసి, బుక్కాగులాలు చల్లేసరికి నాకే ఒళ్ళు జలదరించింది. మోసేది నలుగురం, ఆ అన్నదమ్ములూ చౌకీదారూ నేనూ. "జనాజాలు మస్తు మోసిన సాబ్. భుజం మార్చుడు నాకు ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు చౌకీదారు. నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచేది సారు. పెద్ద తలుపులు కిర్రుమని తెరుచుకున్నాయి. ఆ చప్పుడుకు వీధి వీధంతా లేచి నిలబడింది. ఒకావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ పేలాలు చల్లింది.

అన్నీ ఆలోచించాం గానీ ఒకటి మరిచిపోయాం. నది మీది వంతెన మొదట్లో పోలీసులు ఆపారు. హెడ్డు కానిస్టేబులు, మీసాల మనిషి, అడగవలసిందే అడిగాడు.

"ఎవరు పోయిండ్రు?"

చచ్చిందెవరో మేము అనుకోనే లేదు. సారు కుండ పట్టుకుని బొమ్మలా నిలబడిపోయారు. పొగ కళ్ళలోకి పోతోంది. నా భుజాన్ని వెదురు కోస్తోంది. అప్పుడు సారు, "మా అవ్వ" అన్నారు. అని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అది నటన కాదు, అంత దగ్గర నుంచి చూసినవాణ్ణి నేను. హెడ్డు టోపీ తీసి పక్కకు జరిగాడు. ఎదురుగా వస్తున్న లారీని కూడా ఆపించాడు.

వంతెన దాటుతుండగా అటు నుంచి వస్తూ పొడుగోడు కనిపించాడు. మరునాటి పనికి తాళం ఎట్లాంటిదో చూసిపోదామని బయలుదేరాడట. సారు చేతిలో కుండ చూశాడు. చూసి, "అవ్వ పోయిందా సార్?" అని ఒక్క పరుగున వచ్చి, నన్ను తోసేసి నా వైపు పాడె కొమ్ము తన భుజానికెత్తుకున్నాడు. నది అవతలి శ్మశానం ఘాటు దాకా దింపలేదు. ఏ కత్తుల కోసం బయలుదేరాడో ఆ కత్తులనే మోస్తూ, అవ్వా అవ్వా అని వెక్కుతూ నడిచాడు. అక్కడ దించాక, "ఒక్కపారి మొకం సూపియ్యుండ్రి సార్" అన్నాడు.

"వద్దు బిడ్డా. ఇంట్ల రొట్టె పెట్టేటప్పుడు సూసిన మొకమే యాదుంచుకో. కర్ఫ్యూ టైమైతున్నది, పో" అన్నారు సారు.

వాడు కాళ్ళ వైపు వెళ్ళి, గుడ్డ మీంచే కత్తి పిడులను తాకి కళ్ళకద్దుకుని వెళ్ళాడు. తరవాత ఆ సామాను కట్టెల అడితి బండిలో, కట్టెల కింద, తార్నాక చేరింది. అవ్వ వంటకట్టెల గదిలో దాచాం.

చెప్పిన రోజున పిల్లలు దర్వాజాకు వచ్చారు. గూళ్ళన్నీ ఖాళీ. కొందరు కోపంతో ఊగిపోయారట. పొడుగోడు మాత్రం ఖాళీ గూళ్ళ కేసి కాసేపు చూసి, "అయితె అవ్వ మంచిగనే ఉన్నదన్నట్టు" అని నవ్వాడని చౌకీదారు చెప్పాడు. మర్నాడు పొద్దున్నే తార్నాక వచ్చి రొట్టెకు కూర్చున్నాడు. "నిన్ను నేనే మోసిన అవ్వా. మస్తు బరువున్నవు" అని కథంతా ఆవిడకు చెప్పేశాడు. నేనూ అక్కడే ఉన్నాను. బతికుండగానే తనకు కుండ పట్టాడని అవ్వ కొడుకును తిడుతుందని భయపడ్డాను. ఆవిడ రొట్టె తిరగేస్తూ, కొడుకు కేసి చూసి, "ఏడ్చినవారా?" అని అడిగింది.

"ఏడ్చిన అవ్వా. నిజంగనే ఏడుపొచ్చింది."

"గంతే సాలు తియ్" అంది. ఆ పూట ఆ ఇంట్లో అందరం నవ్వాం. సారు నవ్వగా నేను చూడటం అదే ఆఖరు.

ఎందుకంటే వారం తిరక్కుండానే పొడుగోడు పోయాడు. క్యాంపస్‌కు ఆనుకుని ఉన్న రోడ్డు మీద కాల్పులు జరిగాయి. వాడి చేతిలో రాయి ఉందని కొందరు, అదీ లేదని కొందరు. ఆ పాడెకు సారు భుజం పట్టారు, దారి పొడుగునా మారలేదు. ఘాటు దగ్గర వాడి స్నేహితుడు ఒకడు సారు మొహం మీదే, "చేతుల ఏమన్న ఉంటె గింత అలుసైతుండెనా సార్?" అన్నాడు. సారు తిరిగి వస్తుంటే నన్ను అడిగారు.

"కత్తి ఉంటె బతికెటోడా?"

"తుపాకీ ముందు కత్తి ఏం చేస్తుంది సార్? ఇంకా పదిమంది పోయేవాళ్ళు" అన్నాను.

"గది నాకు తెలుసయ్యా. తెలిసే చేసిన. గని వాడు ఉట్టి చేతుల్తోని పోయిండు. ఆ చేతులు ఉట్టిగ ఉంచింది నేను."

నేను చెప్పింది సబబే. ఇప్పటికీ అదే చెబుతాను. కానీ సబబైన మాట ఆయనకు ఎందుకూ పనికిరాలేదు. వానలు మొదలై గొడవలు కాస్త సద్దుమణిగాక సామాను మళ్ళీ దర్వాజాకు చేర్చాం. ఆ వంకన పాడె సంగతి బయటపడింది. ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. యూనివర్సిటీవాళ్ళు సంజాయిషీ అడిగారు. వంతెన మీది హెడ్డుకు, శవాన్ని చూడకుండా వదిలినందుకు, మెమో ఇచ్చారట. సారు కత్తులకు నూనె పూయడం నా మీద వదిలేశారు. తార్నాకలో వాకిట్లో కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూసుకుంటూ కూర్చునేవారు. అవ్వ మాత్రం ఏమనుకుందో, రోజూ ఒక రొట్టె ఎక్కువే చేసేది. అది ఎవరి వంతో ముగ్గురికీ తెలుసు. ఎవరూ ముట్టుకునేవాళ్ళం కాదు.

పోయే ముందు ఆదివారం వెళితే, నా చెయ్యి పట్టుకుని అన్నారు. "నేను చేసింది మంచా చెడ్డా అని ఎవ్వరన్న అడిగితె, మా సారుకు గూడ తెల్వదట అని చెప్పు. గని దించనియ్యకు. ఎవ్వరొచ్చినా దించనియ్యకు." సరే సార్ అన్నాను. దసరా ఇంకా రాలేదు. మళ్ళీ గొడవలు రాజుకున్నాయి, మళ్ళీ కర్ఫ్యూ. ఇంతలో గుండె ఆగి సారు పోయారు.

కొడుకులు లేరు. అన్నదమ్ములు లేరు. కుండ ఎవరు పట్టాలని పెద్దమనుషులు తర్జనభర్జన పడుతుంటే, అవ్వ నా వైపు చూపించి, "ఈ పిలగాడు పడ్తడు" అంది. మా అమ్మా నాన్నా బతికే ఉన్నారని ఎవరో గొణిగారు. "మావోడు నాకు పట్టినప్పుడు నేను బతికి లేనా?" అందావిడ. చౌకీదారు, లాలాగూడ అన్నదమ్ములు, పక్కింటాయన పాడె ఎత్తారు. ఆడవాళ్ళు రాకూడదంటున్నా వినకుండా అవ్వ వెనకాలే నడిచింది.

తార్నాక నాలుగు రోడ్ల దగ్గర పోలీసులు. ముందు నిలబడ్డది ఆ మీసాల హెడ్డే. వంతెన మీది నుంచి ఇక్కడికి మార్చారు కాబోలు. నన్ను చూశాడు, చౌకీదారును చూశాడు, మొహం ఎర్రబడింది.

"మళ్లనా? ఏమున్నయి అండ్ల? దించుండ్రి. ఇప్పుండ్రి."

పక్కింటాయన తన కొమ్ము వదిలి వెనక్కి తగ్గాడు. పాడె ఒరిగిపోతుంటే తారు రోడ్డు మీదే దించారు. హెడ్డు నా దగ్గరికి వచ్చి, "ఎవరు పోయిండ్రు?" అని గద్దించాడు. కుండ నా చేతిలో ఉంది. పొగ కళ్ళలోకి వచ్చింది. సారు ఆనాడు ఎందుకు అంతసేపు నిలబడిపోయారో అప్పుడు తెలిసింది.

అవ్వ నన్ను దాటుకుని ముందుకు వచ్చింది.

"నేనే పోయిన బిడ్డా. ఆనాడు బ్రిడ్జి కాడ మావోడు నీకు చెప్పలేదా?" అంది. మోకాళ్ళ మీద కూలబడి, తల దగ్గరి ముడి తన చేతులతోనే విప్పి, గుడ్డ తొలగించింది. "సూడు. మంచిగ సూడు."

హెడ్డు వంగి చూశాడు. చాలాసేపు లేవలేదు. లేచాక టోపీ తీసేశాడు. పక్కింటాయన వదిలిన కొమ్ము అలాగే ఉంది. దాని దగ్గరికి వెళ్ళి, టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. అవ్వ చెయ్యి చాచింది. ఆయన దాన్ని ఆవిడ చేతిలో పెట్టి, పాడె భుజానికెత్తుకున్నాడు.

"హల్కగ ఉన్నది" అన్నాడు చౌకీదారు, తనలో తానే. కత్తులు మోసిన భుజం కదా, ఏది తేలికో దానికి తెలుసు. అవ్వ ఇక అడుగు వెయ్యలేకపోయింది. నేను ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను, చూడకూడదంటారు గానీ చూశాను. ఖాళీ రోడ్ల నడుమ ఆవిడ ఒక్కతే నిలబడి ఉంది, రెండు చేతులతో ఆ పోలీసు టోపీ పట్టుకుని.